కాలువపై ఒక దినము

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ సభలో ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు విషయమేమని నేనడిగితిని. "మీ యిష్టము, ఆఫీసు సంగతులు మాత్రము వద్దు" అని వారు నియమము విధించిరి. ఆ నియమము నాకెంతయో నచ్చినది. కనుక నేడు పనిని గూర్చి గాక తీరికను గూర్చి, అందును నీటిమీద గడపిన తీరికను గూర్చి, మాటలాడదలచితిని. వినోదముగా మొదలుపెట్టినను, చివరకు మీ అందరి యిండ్లకు సంబంధించిన ఒక సంగతివద్దకు వత్తును. అంతవరకు ఓపిక పట్టగోరుచున్నాను.

మనమందరము తాపీనది యొడ్డున బ్రతుకుచున్నాము. 17వ శతాబ్దిలో సూరతునకు వచ్చిన పెద్ద ఓడలు నదీముఖమునందలి మేటల కారణమున నగరమువరకు రాలేక సువాలీవద్ద లంగరు వేసెడివి. సరకులు అక్కడనుండి బండ్లమీదను చిన్నపడవలమీదను నగరమునకు చేరెడివి. ఇది పాతకథ. కాని 2020 నవంబరులో హజీరానుండి ఘోఘాకు పెద్దనౌక ప్రారంభమైనప్పుడు, రోడ్డుపై సుమారు 370 కిలోమీటర్ల చుట్టుత్రోవ సముద్రముపై 90 కిలోమీటర్లకు తగ్గినదని మనమందరము పత్రికలలో చదివితిమి. నీటిత్రోవ కాలము చెల్లిన వస్తువు కాదని సూరతులో నివసించువారికి వేరుగా చెప్పనక్కరలేదు. నేను చెప్పబోవునది సముద్రమును గూర్చి కాదు, మహానదిని గూర్చియు కాదు. మన ఊళ్ల ప్రక్కనుండి చప్పుడు చేయక పోవు కాలువను గూర్చి.

నా బాల్యమిత్రుడొకడు ఇంగ్లండులో బర్మింగ్‌హాము సమీపమున ఉద్యోగము చేయుచున్నాడు. మా ఊరివాడే. రెండేండ్ల క్రిందట అతడు భార్యాబిడ్డలతో ఒక పడవను ఒక దినమునకు అద్దెకు తీసికొని కాలువపై విహరించి, ఆ రాత్రియే నాకొక దీర్ఘమైన లేఖ వ్రాసెను. ఆ పడవ వెడల్పు ఏడడుగులు మాత్రమేనట. పొడవు డెబ్బది అడుగులవరకు ఉండవచ్చును. 18వ శతాబ్దిలో అక్కడివారు ఖర్చునకు జంకి లాకులను ఇరుకుగా కట్టిరి. ఆ లాకులలో పట్టుటకు పడవలును ఇరుకైనవి. ఒకప్పుడు బొగ్గును, కుండలను మోసిన ఆ పడవలోనే ఇప్పుడు వంటగది, పడకలు, పొయ్యి, కిటికీలకు తెరలు. వెనుకభాగమున నిలిచి చుక్కానికఱ్ఱను ఎడమకు త్రోసినచో పడవ కుడికి తిరుగును. ఈ సంగతి తెలియుటకు మా మిత్రునికి ఒక గట్టును రెండుసార్లు గ్రుద్దవలసివచ్చినదట.

వేగము గంటకు నాలుగు మైళ్లు మించరాదు. గట్టున కట్టియున్న ఇతరుల పడవల ప్రక్కన పోవునప్పుడు ఇంకను నెమ్మదించవలెను. లేనిచో అలకు వారి టీకప్పులు ఒలుకునట. అక్కడ లాకులవద్ద ఉద్యోగి యుండడు. ప్రయాణికులే దిగి, తిరుగలి పిడివంటి ఇనుపచేతితో తూములు తెరచి, నీరు సమమైన పిమ్మట దూలముపై వీపు ఆనించి తలుపును నెట్టవలెను. ఎనిమిదేండ్ల కుమార్తె ఒక తలుపును, తల్లి ఒక తలుపును నెట్టిరట. మధ్యాహ్నము ఒక చెట్టునీడను పడవను కట్టి, పులిహోరయు పెరుగన్నమును తినిరి. ఉదయమునుండి సాయంకాలమువరకు వారు పోయిన దూరము ఎనిమిది మైళ్లు! "కారులో పావుగంట. కాని ఈ ఊరిలో పండ్రెండేండ్లుగా ఉన్నను, ఈ ఊరిని నేడే చూచితిని" అని అతడు వ్రాసెను. లేఖ చివర ఒక ప్రశ్న: "మన కాలువ ఎట్లున్నది?"

ఆ ప్రశ్నకు నేను చాలకాలమువరకు జవాబు వ్రాయలేదు. ఏలయన, నాకు తెలియదు. ప్రతి సంవత్సరము సెలవులో ఊరికి పోవుచునే యుంటిని. కాలువ ప్రక్కనున్న రోడ్డుమీదనే పోవుచుంటిని. కాని కాలువను చూచి ఎన్నియేండ్లైనదో చెప్పలేకపోతిని.

మా ఊరు గోదావరి తూర్పు డెల్టాలో, ధవళేశ్వరమునకు దిగువనున్నది. మా నాయనమ్మ 1946లో కాపురమునకు వచ్చినది పడవమీదనే. ఆ ప్రయాణమును ఆమె మాకు కథవలె చెప్పెడిది. ప్రొద్దుగ్రుంకువేళ పుట్టింటి రేవులో సారెతోపాటు పడవ యెక్కిరి. చలిమిడి, అరిసెలు, ఇత్తడిబిందె, ఒక ట్రంకుపెట్టె. గాలి అనుకూలముగా ఉన్నప్పుడు చాప ఎత్తిరి. గాలి పడిపోగానే ఇద్దరు కళాసీలు గట్టెక్కి, త్రాడు భుజమునకు వేసికొని, ముందునకు వంగి నడచుచు పడవను లాగిరి. సరంగు చుక్కానివద్ద కూర్చుండి ఎదురువచ్చు పడవలవారితో క్షేమసమాచారములు కేకవేసి అడుగుచుండెను. పడవలో ఒకమూల వరిబస్తాలు, ఒకమూల కొబ్బరికాయలు, నడుమ పెండ్లికూతురు.

తెల్లవారుజామున లాకు వచ్చినది. దిగువకు పోవు పడవ గనుక, లస్కరు పైతలుపులు మూసి క్రిందితూములు తెరవగానే పడవ దిగజొచ్చినది. ఇరుప్రక్కల తడిగోడలు పెరిగి, ఆకాశము చిన్నదై, బావిలోనికి దిగుచున్నట్లు తోచి మా నాయనమ్మ వెక్కి వెక్కి ఏడ్చెనట. అప్పుడు పడవలోని ముసలమ్మ ఒకతె ఆమె తల నిమిరి, "భయపడకమ్మా, నీళ్లు సమానమైతే తలుపు తెరుచుకుంటుంది" అనెనట. అత్తవారింట కష్టము వచ్చినప్పుడెల్ల ఆ మాటను తలచుకొంటినని మా నాయనమ్మ చెప్పెడిది. లాకు యొక్క యంత్రరహస్యమంతయు ఆ మాటలోనే యున్నది. ఇరుప్రక్కల నీటిమట్టము సమమగువరకు ఎంత బలవంతుడైనను ఆ తలుపును తెరవజాలడు. సమమైన పిమ్మట ఎనిమిదేండ్ల బాలికయు తెరవగలదు.

ఈ కాలువల చరిత్ర మీలో పలువురకు తెలిసినదే. సర్ ఆర్థర్ కాటన్ నాయకత్వమున ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాటన్‌దొరను మనము పంటనీటి దాతగా పూజించుచున్నాము. ఆయన విగ్రహములకు పూలమాలలు వేయుచున్నాము. కాని ఆయన మనస్సులో పంట యెంతయో పడవయు నంతే. దేశమునకు రైలుకంటె కాలువప్రయాణమే చౌకయని వాదించి, 1878లో పార్లమెంటు సంఘము ఎదుటకూడ అదే మాట చెప్పి ఎదురీదినవాడాయన. అందుచేతనే మన డెల్టాకాలువలకు లాకులు కట్టిరి. పొలమునకు నీరిచ్చుట మాత్రమే పనియైనచో తూములు చాలును; లాకు కట్టుట పడవ కొరకే.

ఏలూరు కాలువ గోదావరి కాలువలను కృష్ణ కాలువలతో కలిపినది. కృష్ణ పడమటి డెల్టాలోని కొమ్మమూరు కాలువ పెదగంజాము చేర్చినది. అక్కడనుండి బకింగుహాము కాలువ తీరమువెంట మదరాసువరకును, అటుపై మరక్కాణమువరకును పోవును. ఈ బకింగుహాము కాలువలో మదరాసునగరమునందలి ఒక భాగమును 1877–78 నాటి ఘోరక్షామములో, అన్నము లేనివారికి కూలి దొరకుటకై త్రవ్వించిరి. ఆనాటి గవర్నరు పేరు కాలువకు వచ్చినది. త్రవ్వినవారి పేర్లు ఎవరికిని తెలియవు. ఈ విధముగా కాకినాడలో పడవ యెక్కినవాడు నేలపై కాలు మోపక మదరాసు చేరుటకు వీలు కలిగెను.

రాయలసీమవారు, తెలంగాణమువారు ఇది తమకు సంబంధింపని కథయని భావింపవలదు. తుంగభద్రపై సుంకేసులనుండి వచ్చు కర్నూలు–కడప కాలువను మొదట ఒక ప్రైవేటు కంపెనీ పంటకును పడవకును కూడ ఉద్దేశించి త్రవ్వినది. నష్టము వచ్చుటచే 1882లో ప్రభుత్వము దానిని కొన్నది. భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెపు ఆనకట్ట 1860 దశకమున, గోదావరిపై ఎగువకు పడవలు నడపు పథకములో భాగముగా మొదలైనదే. ఆ పథకమును 1871లో విడిచిపెట్టిరి. నీటిపై నడువవలెనను కోరిక మూడు ప్రాంతములలోను పుట్టినది. డెల్టాలో మాత్రము ఫలించినది.

కోనసీమలో లంకల గన్నవరమువద్ద కాలువ నదినే దాటును. వైనతేయ గోదావరిపై 49 కమానుల వంతెన కట్టి, దానిమీద కాలువను పారించిరి. క్రింద నది, పైన కాలువ! 19వ శతాబ్దిమధ్యమున కట్టిన ఆ కట్టడము దాదాపు 150 ఏండ్లు పనిచేసిన పిమ్మట 2000లో దాని ప్రక్కన క్రొత్తది వచ్చినది. దానికి ఆ ఊరి అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. వేల్సులో టెల్ఫర్డు అను ఇంజనీరు 1805లో ముగించిన ఇటువంటి వంతెన నొకదానిని ప్రపంచవారసత్వ కట్టడముగా 2009లో గుర్తించిరి. దానిమీద నేడును జనులు పడవలో పోయి, లోయలోనికి చూచి, గుండె ఝల్లుమనగా సంతోషించుచున్నారు.

ఇక మన పడవలేమైనవి? 1899–1900 ప్రాంతమున మదరాసు రైలుమార్గమును, గోదావరిపై రైలువంతెనయు వచ్చినను పడవలు వెంటనే చావలేదు. ధాన్యము, ఉప్పు, పెంకులు, వంటచెఱకు మోయుటకు పడవకంటె చౌకైనది లేకుండెను. వానిని చంపినది లారీయు బస్సును. కాలువగట్టులే రోడ్లైనవి. కళాసీ త్రాడు లాగిన గట్టుమీదనే బస్సు పరుగెత్తజొచ్చెను. తరువాత వచ్చిన చిన్నవంతెనలను, ఇక పడవలు రావుగదాయని, క్రిందుగా కట్టిరి. 1970 దశకము ముగియునాటికి ప్రయాణపు పడవ దాదాపుగా కథలలోనికి వెళ్లిపోయినది. పాలగుమ్మి పద్మరాజుగారి "పడవ ప్రయాణం" కథలోను, 1964 నాటి "మూగమనసులు", 1973 నాటి "అందాల రాముడు" చిత్రములలోను ఆ నీటిబ్రతుకు మనకు మిగిలినది.

ఇంగ్లండులోను ఇదియే జరిగినది. 1761లో బ్రిడ్జివాటరు కాలువ మాంచెస్టరునకు బొగ్గు తెచ్చినప్పుడు బొగ్గుధర సగమునకు పడిపోయినదందురు. తరువాత రైలు వచ్చెను, లారీ వచ్చెను. 1948లో కాలువలలో అధికభాగము ప్రభుత్వపరమైనవి. 1962–63 శీతకాలమున వారములతరబడి నీరు గడ్డకట్టగా, మిగిలిన కొలది సరకుపడవల వ్యాపారముకూడ చాలవరకు ముగిసెను. ఇంతవరకు వారి కథయు మన కథయు ఒక్కటే. భేదము ఇక్కడనుండి మొదలగును.

టామ్ రోల్టు అను ఇంజనీరు "క్రెస్సీ" అను పాతపడవను బాగుచేసికొని, అందులోనే భార్యతో కాపురము పెట్టి, 1939లో కాలువలపై తిరిగెను. ఆ ప్రయాణమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1944లో వెలువడినది. దానిని చదివినవారు కదలిరి. 1946లో రోల్టు, ఏక్‌మన్ మొదలగువారు కలిసి కాలువల రక్షణకొక సంఘమును స్థాపించిరి. అప్పటికి స్ట్రాట్‌ఫర్డు కాలువపై ఒక రైలుకంపెనీ, కదల్చుటకు వీలుగానున్న పాతవంతెనకు మారుగా కదలని వంతెనను క్రిందుగా వేసియుండెను. ఆ కాలువపై పడవలే లేవుగదా యని వారి తలంపు. కాని చట్టప్రకారము పడవత్రోవ ఇంకను రద్దు కాలేదు. ఈ సంగతి పార్లమెంటులో ప్రశ్నగా రాగా, ఎవరైన పోదలచినట్లు నోటీసిచ్చినచో వంతెనను ఎత్తెదమని జవాబు వచ్చినది. 1947లో రోల్టు నోటీసిచ్చెను! కంపెనీవారు కూలీలను పిలిపించి, జాకీలు పెట్టి, వంతెనను పైకెత్తిరి. క్రెస్సీ దానిక్రింద మెల్లగా దాటిపోయెను.

ఆ పడవలో బొగ్గు లేదు, ధాన్యము లేదు. ఉన్నది తీరిక మాత్రమే. ఆ తీరికయే త్రోవను నిలిపినది. ఆ కాలువ దక్షిణభాగమును స్వచ్ఛందసేవకులు, సైనికులు, కారాగారవాసులుకూడ కలిసి పూడిక తీసి బాగుచేయగా 1964లో రాజమాత దానిని తిరిగి ప్రారంభించెను. 1968 చట్టము విహారమునకై కొన్ని కాలువలను ప్రత్యేకించి గుర్తించినది. 2012నుండి ఇంగ్లండు, వేల్సులలో 2,000 మైళ్ల నీటిత్రోవలు ఒక ధర్మసంస్థ పోషణలోనున్నవి. మా మిత్రుని కుమార్తె నెట్టిన తలుపు అటువంటిదే.

ఇప్పుడు నా స్వానుభవము మనవి చేయుదును. మిత్రుని ప్రశ్న నన్ను విడువకుండెను. గత కార్తికమాసమున సెలవులో ఊరికి పోయినప్పుడు, కాలువలో చేపలు పట్టుకొను ఒక వృద్ధుని నాటుపడవను ఒక దినమునకు మాటలాడితిని. "ఎక్కడికి బాబుగారూ?" అని అతడడిగెను. "ఎక్కడికిని కాదు, పోగలిగినంతదూరము" అంటిని. ఉద్యోగములో నున్నవానికి మతి చెడినదని అతడనుకొనినట్లు ముఖమునందు కనబడినది.

ఉదయము ఏడుగంటలకు బయలుదేరితిమి. మొదటి అరమైలు నేను ఏ గ్రంథములోను చదువని సుఖము. నీటిమీదనుండి చూచినచో ఊరు వేరుగా నుండును. కొబ్బరిచెట్లు మనపైకి వంగి పలుకరించినట్లుండును. లకుముకిపిట్ట ఒకటి మాకు ముందుగా కొమ్మనుండి కొమ్మకు పోవుచు దారి చూపినది. శివాలయపు మెట్లవద్ద కార్తికదీపముల దొన్నెలు ఇంకను తేలుచుండెను. పాతలాకువద్ద రాతిస్తంభమును తడవి చూచితిని. ఎన్నియో పడవల త్రాళ్ల ఒరిపిడికి అందు వ్రేలు పట్టునంత గాడి పడియున్నది. మా నాయనమ్మ ఏడ్చిన లాకు ఇదియే కావచ్చునని తోచి కొంతసేపు మాటలాడలేకపోతిని.

ఊరి నడుమకు రాగానే వాసన మొదలైనది. గట్టున నున్న ఇండ్ల వెనుకగోడలనుండి గొట్టములు. కొన్ని మురుగు గొట్టములు, కొన్ని అంతకంటె చెప్పరానివి. లెక్కింపదొడగి కొంతసేపటికి మానుకొంటిని. ఏలయన, ఒక గొట్టమువద్ద నాకు గోడ గుర్తు తెలిసినది. అది మా యింటి గోడ!

1994లో మా యిల్లు బాగుచేయించినప్పుడు వీధిగుమ్మమును కాలువవైపునుండి రోడ్డువైపునకు మార్చిరి. బస్సులు తిరుగు వైపు ముఖము, కాలువ వైపు వీపు. అప్పుడే ఆ గొట్టము పెట్టిరి. ఊరిలో అందరును చేసిన పనియే. నాకు అప్పుడు పదునాలుగేండ్లు. ఇటుకలు అందించినది నేనే. ముప్పది సంవత్సరములుగా ఆ గొట్టము పనిచేయుచునే యున్నది. నేను రోడ్డుమీదనుండి పోవుచుండుటచే నా కంటికి కనబడలేదు. మన డెల్టాలో వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు ఊరూరను మంచినీటి చెరువులు నింపుకొందురు. ఆ నీరు ఈ కాలువనీరే. మా యింటి గొట్టమునకు దిగువనున్న ఊరివారు ఏమి త్రాగుచున్నారో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

నేను మౌనముగా ఉండుట చూచి ఆ వృద్ధుడు తెడ్డు ఆపి, "ఈ కాలవలో తిరిగేవాడుంటే కదా బాబుగారూ, ఎవరికైనా కనబడేది!" అనెను. నేడు నేను మీకు చెప్పదలచిన విషయమంతయు ఆ మాటయే. పడవలు తిరుగునంతకాలము కాలువకు కన్నులుండెను. సరంగు, కళాసీ, లస్కరు, ప్రయాణికుడు, పుట్టింటికి పోవు ఆడుబిడ్డ, వీరందరును దినదినము కాలువను నడకవేగముతో చూచుచుండిరి. గండి పడినచో వారికి తెలియును. పూడిక పడినచో పడవ అడుగు తాకి తెలియును. ఎవడైన చెత్త వేసినచో తిట్టుటకు ఒక నోరుండెను. పడవ పోయిన పిమ్మట నీరు మిగిలినది. చూచు కన్ను పోయినది.

ఆ దినము మేము రెండు మైళ్లు కూడ పోలేదు. ఒక క్రిందివంతెనవద్ద గుఱ్ఱపుడెక్క దట్టముగా పేరుకొని, అందులో ప్లాస్టిక్ సంచులు చిక్కుకొని, పడవ కదలలేదు. రోల్టువలె నోటీసిచ్చుటకు నాకు పెద్దపడవ లేదు. వెనుకకు తిరిగితిమి. మధ్యాహ్నము గట్టున కూర్చుండి, మా అమ్మ కట్టియిచ్చిన పులిహోర ఇద్దరము పంచుకొంటిమి. అది మాత్రము బర్మింగ్‌హాము పులిహోరకు తీసిపోలేదు.

మరునాడు తాపీమేస్త్రీని పిలిపించితిని. గొట్టము మూయించి, పెరటిలో మరుగుదొడ్డికి సెప్టిక్ ట్యాంకును, వాడుకనీటికి ఇంకుడుగుంటయు త్రవ్వించితిని. "ఇన్నేళ్లూ లేని పట్టింపు ఇప్పుడేమిటిరా?" అని మా అమ్మ కోపించినది. ప్రక్కయింటివారు నవ్విరి. ఇరుగుపొరుగులలో ఇంతవరకు ఒక్కరు మాత్రమే మావలె చేయించిరి. ఇది గొప్ప విజయమని నేను చెప్పుటలేదు. కాని మిత్రునికి జవాబు వ్రాయుటకు అప్పుడు ధైర్యము వచ్చినది.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. మన కాలువ మొదట పంటది. ఇంగ్లండు కాలువకు పొలములు తడుపు బాధ్యత చాలవరకు లేదు. మన కాలువ వేసవిలో ఎండును. కనుక అక్కడి విహారమును ఇక్కడ యథాతథముగా దింపుట సాధ్యము కాదు. రెండవది భద్రత. 2019 సెప్టెంబరులో కచ్చులూరువద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎందరో ప్రాణములు కోల్పోయిన దుఃఖమును మనము మరువలేము. కాలువ గోదావరివలె లోతైనది కాకపోయినను, ప్రాణరక్షణ కవచము లేక పిల్లలను పడవ యెక్కింపరాదు. వరదదినములలో పెద్దలును ఎక్కరాదు. ఈ నియమములో సడలింపు లేదు.

మూడవ ఆక్షేపణ, ఇది ప్రభుత్వము చేయవలసిన పనియని. ప్రభుత్వము తన వంతు గుర్తింపు నిచ్చినది. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల కాలువలను, గోదావరి కృష్ణల భాగములతోకూడ, నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. అది వేయి కిలోమీటర్లకు పైబడిన త్రోవ. 2016 చట్టములో మన తాపీనదికూడ జాతీయ జలమార్గముల పట్టికలో చేరినది. కాని చట్టము త్రోవకు పేరు మాత్రమే పెట్టగలదు. దానిమీద నడచువాడు లేనిచో ఆ త్రోవ కాగితముమీదనే యుండును. కాగితములతోనే జీవించు మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పవలెనా?

కనుక నా విన్నపములు మూడు. ఈ వేసవి సెలవులలో కాలువలు ఎండియుండును; అది పడవకు కాలము కాదుగాని, మీ యింటి గొట్టము ఎక్కడ తెరచుకొనుచున్నదో చూచుటకు మంచి కాలము. చూడుడు. రెండవది, కాలువలు నిండిన పిమ్మట సెలవు దొరకినచో ఒక పూట పిల్లలతో గట్టువెంట నడువుడు. తగిన పడవయు, రక్షణయు ఉన్నచో పడవ యెక్కుడు. పనిలేక తిరుగుచున్నారని ఎవరైన నవ్వినచో నవ్వనిండు. ఆ పనిలేనితనమే కాలువకు కాపలా. మూడవది, మీ యిండ్లలో ఎనుబదేండ్లు దాటిన పెద్దలున్నచో, వారు ఏ రేవున పడవ యెక్కి, ఏ లాకు దాటి, ఎక్కడ దిగిరో అడిగి వ్రాసి తెండు. వచ్చు సంవత్సరపు సంచికకు అంతకంటె మంచి వ్యాసములు దొరకవని కార్యదర్శిగారికి హామీ యిచ్చుచున్నాను.

మిత్రునికి నేను చివరకు వ్రాసిన జవాబు చిన్నది. "మన కాలువ బ్రతికియే యున్నది. మనము చూడకపోతిమి. వచ్చునప్పుడు అమ్మాయిని తీసికొని రమ్ము, మన లాకును చూపెదను" అని వ్రాసితిని. వారు వచ్చు కార్తికమునకు వత్తురట. అప్పటికి ఆ క్రిందివంతెనవద్ద గుఱ్ఱపుడెక్కనైన తీయించవలెనని నా ప్రయత్నము. ఆ వృద్ధుడు తన తెడ్డుతో వత్తునని మాటయిచ్చినాడు. ఊరివారు నలుగురు దొరకిన చాలును.